దారంతో కట్టిన పురుగు

“ఎర లేకుండ చేప ఎట్ల పడ్తదిరా?”

బాపు ఇట్లా అడిగిన రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. ఆయన సిరిసిల్ల దగ్గర మానేరు ఒడ్డున ఎర్రలు గుచ్చి గాలం వేసిన మనిషి. సాంచెల (మరమగ్గాల) పనికి సూరత్ వచ్చి పర్వత్ పాటియాలో స్థిరపడ్డాక గాలం అటకెక్కింది. నాకు మాత్రం హిమాచల్‌లోని తీర్థన్ నది, అందులోని ట్రౌట్ చేప మనసులో నాటుకుపోయాయి. ప్రయాణానికి వారం ముందు నుంచే మా ఇంట్లో బల్ల నిండా ఈకలు, దారాలు, గాలం ముళ్లు.

వాటితో నేను కట్టేవి ఫ్లైలు. ఫ్లై అంటే తినే ఎర కాదు. చిన్న ముల్లుకు దారం, ఈక, బొచ్చు చుట్టి పురుగులా కనిపించేట్టు కట్టేదే ఫ్లై. దాదాపు 1800 ఏళ్ల కింద ఏలియన్ అనే రచయిత మాసిడోనియా జాలర్ల గురించి రాస్తూ, వాళ్లు ముల్లుకు ఎర్ర ఉన్ని చుట్టి, మైనం రంగు కోడి ఈకలు రెండు కట్టేవాళ్లని చెప్పాడు. ఇప్పటికీ పద్ధతి పెద్దగా మారలేదు. పుంజు మెడ ఈక గట్టిగా ఉంటుంది. ముల్లు చుట్టూ తిప్పితే దాని పోచలు విచ్చుకుని ఫ్లైని నీటి మీద నిలబెడతాయి. పెట్ట ఈక మెత్తన, నీళ్లు పీల్చి మునుగుతుంది. మన పందేలవాళ్లు డేగ, కాకి అని రంగును బట్టి పుంజుకు పేరు పెడతారు కదా, ఫ్లైలు కట్టేవాడూ ఈక రంగును అంత పట్టింపుగానే చూస్తాడు.

ట్రౌట్ మన దేశపు చేప కాదు. బ్రిటన్ నుంచి తెచ్చిన గుడ్లతో 1900లో కాశ్మీర్‌లో నిలదొక్కుకుంది. అక్కడి నుంచి 1909లో కులూ లోయలోని మహిలి హేచరీకి చేరింది. చల్లగా, వడిగా, ఆక్సిజన్ నిండుగా ఉన్న నీళ్లే దానికి కావాలి. అట్లాంటి నీళ్లలో దొరికే పురుగులే దాని ముఖ్యమైన తిండి. అందుకే ఫ్లై ఎంపిక దుకాణంలో కాదు, నది అడుగున మొదలవుతుంది.

తీర్థన్ లోయలో గుషైని ఊరు దాటి కాలిబాట పట్టాక, నేషనల్ పార్కు హద్దుకు ఇవతలే నీళ్లలో దిగుతాను. పెట్టె వెంటనే తెరవను. మోకాలి లోతులో రెండు చేతులకు సరిపడా రాయి ఒకటి ఎత్తి తిరగేస్తాను. రాయికి అతుక్కుని బల్లపరుపుగా, సాధారణంగా మూడు తోకలతో కనిపించేది మేఫ్లై పిల్ల. పొట్ట పక్కల మొప్పలు సన్నగా అల్లల్లాడుతుంటాయి. రెండు తోకలతో గబగబా పాకేది స్టోన్‌ఫ్లై. ఇసుక రేణువులతో కట్టుకున్న గొట్టంలో ముడుచుకున్నది కాడిస్.

ఈ కాడిస్ దగ్గర నేను ఎప్పుడూ కాసేపు ఆగిపోతాను. అది పట్టుదారం తీస్తుంది. ఆ దారంతోనే ఇసుకను అతికించుకుని ఇల్లు కట్టుకుంటుంది. కొన్ని జాతులైతే రాళ్ల సందున ఏకంగా వల నేస్తాయి. ప్రవాహంలో కొట్టుకొచ్చిన తిండి ఆ వలలో చిక్కుతుంది. పట్టుపురుగు పుట్టిన వంశానికి ఇది దగ్గరి చుట్టం. అంత వడి నీళ్లలో తెగకుండా నిలిచిన ఆ వలను మొదటిసారి చూసినప్పుడు, పద్మశాలి ఇంట పుట్టినవాణ్ని, రాయిని ఎక్కడిదక్కడ మెల్లగా పెట్టేశాను.

రాయి కింద ఏది ఎక్కువగా ఉందో దాని సైజుకు సరిపోయే ఫ్లై తీయాలి. ముందు సైజు, తర్వాత ఆకారం, చివర రంగు. రంగు చూసి మోసపోయి కొనేవాళ్లే ఎక్కువ. ముల్లు నంబరు నూలు కౌంటు లాంటిది, నంబరు పెరిగేకొద్దీ చిన్నది. డెనియర్ లెక్కకు అలవాటుపడ్డ సూరత్ మనిషికి ఇది తలకిందులుగా తోస్తుంది. హిమాలయ ఏరులకు 12 నుంచి 16 దాకా చాలు.

ట్రౌట్ ఎక్కువగా తినేది నీటి లోపలే. కాబట్టి పెట్టెలో సగానికి పైగా నింఫ్‌లు ఉండాలి, అంటే రెక్కలు రాని పిల్లపురుగు రూపాలు. నీటి మీద చిన్న వలయాలు లేస్తే అప్పుడు పైన తేలేవి. మంచు కరిగే మే, జూన్‌లలో నీళ్లు మసకబారి బలంగా పారతాయి. పూస తల ఉన్న బరువైన నింఫ్, లేదా చిన్న చేపను పోలిన ముదురు రంగు స్ట్రీమర్ అడుగుకు దిగాలి. వానలు తగ్గి సెప్టెంబరు, అక్టోబరులలో నీళ్లు అద్దంలా తేరుకుంటే 16 నంబరు ఫ్లై, సన్నని దారం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ట్రౌట్ గుడ్లు పెట్టే కాలం, వేట నిషేధం.

నింఫ్‌లలో నాకు ప్రాణమైనది ఫెజంట్ టెయిల్, అంటే ఫెజంట్ పక్షి తోక ఈకతో కట్టేది. ఇంగ్లండ్‌లో ఏవన్ నదిని కాపలా కాసిన ఫ్రాంక్ సాయర్ దీన్ని కట్టాడు. ఆయన దారం వాడలేదు, సన్నటి రాగి తీగ వాడాడు. ముల్లుకు చుట్టేదీ అదే, బరువిచ్చేదీ అదే, ఈక పోచల సందున మెరిసేదీ అదే. ఈత కొట్టే పిల్లపురుగు కాళ్లు ముడుచుకుంటుందని గమనించి కాళ్లు కూడా కట్టలేదు. సూరత్‌లో ఆ రాగి తీగ ఎంతసేపటి పని? తీగ లాగి, సాగగొట్టి బాద్లా చేసి, పోగుకు చుట్టి జరీ తీసే ఊరు ఇది. నా నింఫ్‌లన్నీ ఈ జరీ బజారు తీగతో కట్టినవే.

జపాన్ కొండల్లో టెంకరా అనే పద్ధతిలో ఫ్లైతో చేపలు పట్టేవాళ్లలో చాలామంది ఏడాదంతా ఒకే రకం ఫ్లైతో సరిపెట్టుకుంటారు. ఫ్లైని మార్చరు, దాన్ని నీళ్లలో నడిపించే తీరు మారుస్తారు. నాకు అంత నిబ్బరం ఇంకా రాలేదు. అయినా వీపు మీద గుడారం, బియ్యం మోసుకుని ఎక్కే దారిలో అరవై రకాలు అక్కర్లేదని వాళ్ల వల్లే నమ్మాను. మొదటి ఏడాది అరవై పట్టుకెళ్లి, మార్చడంతోనే పొద్దు గుంకించాను. ఇప్పుడు అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బాలో ఇరవై నాలుగు. ప్రతి ముల్లు మొన వెనక ఉండే చిన్న కొక్కిని నొక్కేస్తాను, వదిలేసే చేప నోరు చిరగకూడదు.

మొన్న బాపు పక్కన కూర్చుని నేను కట్టిన నింఫ్‌ను కళ్లజోడు సర్ది చూశాడు. గోటితో తీగ తడిమి, “పోగులెక్కువైనయి, పురుగు గింత లావుంటదా?” అన్నాడు. కొత్తవాళ్లందరి తప్పు అదే, లావుగా కట్టడం. ముల్లు నా చేతిలోంచి తీసుకుని మూడు చుట్లు విప్పాడు. మళ్లీ చుట్టి, తీగ కొసను కత్తెర లేకుండా అటూ ఇటూ వంచి తుంచేశాడు. ఈసారి డబ్బాలో అది మొదటి వరసలో ఉంది.