నీలి తెర ఉండనివ్వండి

ఈ వారం ఈ శీర్షిక రచయిత ముందుకు ఒక ల్యాప్‌టాప్ వచ్చింది. తమ్ముడి కూతురిది. బీటెక్ మొదటి ఏడాది చదువుతోంది. మెషీన్‌లో ఉన్నది ఉబుంటు లినక్స్. “పెదనాన్నా, మా ల్యాబులో నీలి తెర మీద పసుపు అక్షరాలు వస్తాయి కదా, అదే దీంట్లో కూడా పెట్టండి. రికార్డులో ప్రోగ్రాములన్నీ దాంట్లోనే నడుస్తాయి” అని అడిగింది.

ఆ నీలి తెర టర్బో సి++. బోర్లాండ్ కంపెనీ డాస్ కోసం 1990లో మొదలుపెట్టి, 1991లో 3.0 వెర్షన్ ఇచ్చింది. సి++ భాషకు అంతర్జాతీయ ప్రమాణం ఖరారైందే 1998లో. అంటే భాషకు కట్టుబాట్లు స్థిరపడటానికి ఏడేళ్ల ముందటి కంపైలర్‌తో పిల్లలు ఇవాళ భాష నేర్చుకుంటున్నారు. ఉద్యోగానికి వెళ్లిన మొదటి రోజే నేర్చుకున్నదాంట్లో సగం పక్కన పెట్టాలి. సిలబస్ మార్చని ల్యాబుల మీద ఈ శీర్షికకు ఉన్న కోపం పాఠకులకు కొత్త కాదు. ఈసారి ఆ కోపం ఇంటికే వచ్చింది.

నిజానికి టర్బో సి++ ఎప్పుడో మూలపడాల్సింది. అది 16 బిట్ల ప్రోగ్రాము. 64 బిట్ల విండోస్ అలాంటివాటిని అసలు తెరవదు. అయినా అది బతికి ఉండటానికి కారణం డాస్‌బాక్స్. విండోస్‌లోంచి అసలు డాస్ మాయమైపోయాక, తమ పాత ఆటలు ఆగిపోతున్నాయని నెదర్లాండ్స్‌కు చెందిన ఇద్దరు ప్రోగ్రామర్లు, పీటర్ వీన్‌స్ట్రా, షూర్డ్ వాన్ డెర్ బెర్గ్, దీన్ని మొదలుపెట్టారు. 2002 నుంచి స్వచ్ఛంద కార్యకర్తలే దీన్ని నిలబెట్టారు. బోర్లాండ్ కోడ్‌ను ఎవరూ ముట్టుకోలేదు. పాత ఇంటెల్ ప్రాసెసర్‌ను, అప్పటి గ్రాఫిక్స్ కార్డును, సౌండ్ కార్డును సాఫ్ట్‌వేర్‌లోనే తిరిగి కట్టారు. టర్బో సి++ తానింకా 1991 నాటి పీసీ మీదే ఉన్నాననుకుని పనిచేస్తుంది. కింద ఉన్నది విండోసా, లినక్సా, మ్యాకా అన్నది దానికి తెలియదు.

ఉబుంటులో పని పది నిమిషాల్లో అయిపోయింది. డాస్‌బాక్స్ ఎక్కించి, టర్బో సి++ ఉన్న ఫోల్డర్‌ను సి డ్రైవ్‌గా మౌంట్ చేసి, బిన్‌లోకి వెళ్లి టీసీ అని కొడితే చాలు. తెర నీలంగా తెరుచుకుంది. కంట్రోల్ ఎఫ్9 నొక్కితే ప్రోగ్రాము నడిచింది, ఆల్ట్ ఎఫ్5 నొక్కితే ఫలితం కనిపించింది. అమ్మాయి సంతోషించింది. రచయితకు మాత్రం మనసు కుదుటపడలేదు. ఆటల మీద ప్రేమతో కొందరు చేసిన గొప్ప పని, చివరికి సిలబస్ మార్చకపోవడానికి సాకు అయిందే అనిపించింది.

డాస్‌బాక్స్‌కు పూర్తిగా వేరే దారి పట్టిన వాళ్ల కథ ఒకటుంది. అది కూడా బోర్లాండ్ ఇంట్లోంచే మొదలవుతుంది.

1983లో ఆండర్స్ హైల్స్‌బర్గ్ రాసిన కంపైలర్‌ను బోర్లాండ్ టర్బో పాస్కల్ పేరుతో 49.95 డాలర్లకు అమ్మింది. ఎడిటర్, కంపైలర్ రెండూ ఒకే ప్రోగ్రాములో ఉండటం, ఆ ధరకు దొరకడం అప్పట్లో సంచలనం. ఒక తరం ప్రోగ్రామర్లు దాని మీదే చెయ్యి తిప్పుకున్నారు. 1992లో ఏడో వెర్షన్ వచ్చింది. డాస్‌కు ఇక కొత్తది ఉండదని తెలిసింది. 32 బిట్ల కంపైలర్ కోసం ఎదురుచూస్తున్న వాళ్లకు దారి మూసుకుపోయింది. అప్పుడు జర్మనీలో విద్యార్థిగా ఉన్న ఫ్లోరియన్ క్లెంఫ్ల్ కంపెనీని బతిమాలుతూ కూర్చోలేదు. 1993లో సొంతంగా కంపైలర్ రాయడం మొదలుపెట్టాడు. రాసింది కూడా టర్బో పాస్కల్‌లోనే. రెండేళ్లకు ఆ కంపైలర్ తనను తానే కంపైల్ చేసుకునే స్థితికి చేరింది. ఆ రోజు నుంచి దానికి బోర్లాండ్‌తో అవసరం తీరిపోయింది. అదే ఫ్రీ పాస్కల్. 2000లో 1.0 వెర్షన్ వచ్చింది. ఇవాళ లినక్స్, విండోస్, మ్యాక్‌లతో పాటు మరెన్నో సిస్టమ్‌ల మీద నడుస్తుంది.

బోర్లాండ్ విండోస్ కోసం చేసిన తన పాస్కల్ పనిముట్టు డెల్ఫీని తనే లినక్స్‌కు తెచ్చిన సందర్భమూ ఉంది. 2001లో వచ్చిన కైలిక్స్ అది. విండోస్ ప్రోగ్రాములను లినక్స్ మీద నడపడానికి 1993 నుంచి ఔత్సాహికులు కడుతూ వచ్చిన వైన్ కోడ్‌నే కైలిక్స్ తన ఎడిటర్‌కు ఆసరా చేసుకుంది. 2002లో మూడో వెర్షన్ ఇచ్చి కంపెనీ దాన్ని వదిలేసింది. డెల్ఫీ లాంటిదాన్ని ఫ్రీ పాస్కల్ మీద కట్టడానికి 1999లో స్వచ్ఛందంగా మొదలైన లాజరస్ మాత్రం ఆగలేదు. 1.0 అనిపించుకోవడానికి 2012 దాకా పట్టింది. పదమూడేళ్లు జీతం లేకుండా ఒక పనిని లాగడం ఎంత కష్టమో, ఏ సంఘాన్నో గ్రంథాలయాన్నో నడిపినవాళ్లను అడిగితే చెబుతారు.

హైల్స్‌బర్గ్ 1996లో మైక్రోసాఫ్ట్‌కు వెళ్లి సి షార్ప్ భాష రూపకల్పనకు నాయకత్వం వహించారు. మిగేల్ డి ఇకాసా 2001లో మోనో ప్రకటించి దాన్నీ లినక్స్‌కు తేవడానికి పూనుకున్నాడు. ఈసారి వెనక జిమియన్ అనే చిన్న కంపెనీ అండ ఉంది, బయటి ఔత్సాహికుల తోడూ ఉంది. తర్వాత తన చేతికి చేరిన ఆ మోనో బాధ్యతను 2024లో మైక్రోసాఫ్ట్ వైన్ బృందానికే అప్పగించింది.

యజమాని వదిలేసినా పనిముట్టు పనివాడి చేతిలో మిగలాలన్నది ఈ శీర్షిక పాత పట్టు. అను ఫాంట్లలో, పేజ్‌మేకర్ ఫైళ్లలో ఇరుక్కుపోయిన తెలుగు పుస్తకాల గురించి ఇక్కడ ఎన్నిసార్లు చదివారో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ లెక్కన ఫ్రీ పాస్కల్ దారే దారి, డాస్‌బాక్స్ తాత్కాలిక ఉపశమనం, నీలి తెరను ల్యాబుల్లోంచి పంపించేయాలి అని తేల్చి ముగించవచ్చు. రచయిత అలాగే ముగించేవాడే, అమ్మాయి రికార్డులోని ఒక ప్రోగ్రాము అడ్డుపడకపోతే.

అది ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాము. నీలి తెరలో 7 ఇస్తే 5040 వచ్చింది. 8 ఇస్తే మైనస్ 25216 వచ్చింది. “ఇదేంటి పెదనాన్నా, మైనస్ ఎలా వచ్చింది?” అంది. దాన్నే ఉబుంటులోని జి++ కంపైలర్‌కు ఇచ్చి చూశాం. ముందు అయోస్ట్రీమ్ డాట్ హెచ్ లేదని ఆగింది. అది దిద్దితే కోనియో లేదంది. తర్వాత క్లియర్‌స్క్రీన్ ఎవరో తెలియదంది, మెయిన్‌కు వాయిడ్ కుదరదు, ఇంట్ ఉండాలంది. ఒక్కొక్కటీ అమ్మాయే దిద్దింది. చివరికి నడిచింది. 8కి 40320 వచ్చింది. 12 దాకా అన్నీ సరిగ్గానే వచ్చాయి. 13కి మళ్లీ తప్పు వచ్చింది: 1932053504.

టర్బోలో ఇంట్‌కు రెండు బైట్లు, 32767 దాటితే పొంగిపోతుంది. ఇక్కడ నాలుగు బైట్లు, కాబట్టి ఇంకాస్త దూరం వెళ్లి పొంగింది. పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంగా ఉండే ఈ సంగతి ఆ అమ్మాయికి ఆ సాయంత్రం అర్థమైంది. అర్థం కావడానికి రెండు తెరలూ కావలసి వచ్చాయి. కొత్త కంపైలర్ ఒక్కటే ఉంటే 8 దగ్గర ఏ అనుమానమూ వచ్చేది కాదు. పాతది ఒక్కటే ఉంటే మైనస్ ఎందుకొచ్చిందో సరిపోల్చి చూసుకునే వీలుండేది కాదు.

అందుకే నీలి తెరను పంపించేయాలన్న మాట వెనక్కి తీసుకోవాలి. దాన్ని ఉంచాలి. అయితే రికార్డు అక్కడితో ఆగకూడదు. ప్రతి ప్రోగ్రామునూ విద్యార్థే లినక్స్ కంపైలర్‌కు దాటించి, ఎక్కడ విరిగింది, ఎందుకు విరిగింది, ఎలా అతికించాడు అన్నది పక్క పేజీలో రాయాలి. గ్రాఫిక్స్ డాట్ హెచ్‌తో వలయాలు గీసిన ప్రోగ్రాములకూ దారి ఉంది. బోర్లాండ్ గ్రాఫిక్స్ పిలుపులను అవే పేర్లతో కొత్త సిస్టమ్‌ల మీద నడిపే ఎస్‌డీఎల్ బీజీఐ లాంటి లైబ్రరీలను ఔత్సాహికులు ఇప్పటికే రాసి పెట్టారు. వాటిని వాడటంతో సరిపెట్టకుండా, తెరిచి చదివితే పిల్లలకు అసలు పని తెలుస్తుంది.

దీనికి మన దేశంలోనే నమూనా ఉంది. ఐఐటీ బాంబే నడిపే ఫాసీ ప్రాజెక్టులో ల్యాబ్ మైగ్రేషన్ అనే విభాగం ఉంది. ఖరీదైన మాట్‌ల్యాబ్ లాంటివాటి మీద నడిచే కాలేజీ ల్యాబులను సైల్యాబ్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మార్చడం దాని పని. అదే ప్రాజెక్టులో పాఠ్యపుస్తకాల్లోని లెక్కలను సైల్యాబ్ కోడ్‌లోకి మార్చి ఇచ్చినవాళ్లలో విద్యార్థులూ ఉన్నారు. సి++ ల్యాబుకు అంత ఏర్పాటు కూడా అక్కర్లేదు, జి++ ఉచితమే. మన విశ్వవిద్యాలయాల బోర్డ్ ఆఫ్ స్టడీస్ వచ్చే ఏడాది ల్యాబ్ మాన్యువల్‌లో ఒక్క వారం ఈ దాటింపుకు కేటాయిస్తే చాలు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వైవాలో ఆ పేజీ మీదే ప్రశ్నలు అడగాలి.