మంటకు ముహూర్తం

యాసంగి కోతలు మొదలయ్యాయంటే జిల్లా పేజీలో ఒక ప్రకటన వచ్చి తీరుతుంది. కొయ్యకాళ్లు కాల్చకండి, భూసారం దెబ్బతింటుంది, వానపాములు చస్తాయి, మాట వినకపోతే చర్యలు తప్పవు. ఈ వారమూ వచ్చింది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. టన్ను వరిగడ్డి తగలబెడితే దాదాపు ఐదున్నర కిలోల నత్రజని, కిలోకు పైగా గంధకం పొలానికి దక్కకుండా పోతాయని శాస్త్రవేత్తలు ఎప్పుడో లెక్కగట్టారు. అయినా ఆ ప్రకటన చదివితే చిరాకే మిగులుతుంది. నాలుగు రోజులు గడిస్తే పొలాల మీద పొగ లేస్తుందని రాసినవారికీ తెలుసు, చదివినవారికీ తెలుసు. కాల్చొద్దన్న ఆ వాక్యాల పక్కన, కాల్చక తప్పనివాడు ఏ రోజు, ఏ వేళ, గట్టున ఎవరిని నిలబెట్టుకుని కాల్చాలో చెప్పే ఒక్క వాక్యం ఎప్పుడూ కనపడదు. నిషేధాల మీద ఈ కాలమ్‌కున్న అపనమ్మకం పాత పాఠకులకు కొత్త కాదు. ప్లాస్టిక్ సంచుల నుంచి డీజేల దాకా పాడిన పాటే. ఈసారి మంటల వంతు.

మంటల గురించి మన చట్టాలు మౌనంగా ఏమీ లేవు. ఇంధనం కాని ఏ వస్తువునైనా కాల్చడాన్ని కాలుష్య నియంత్రణ ప్రాంతాల్లో నిషేధించే అధికారం 1981 నాటి వాయు కాలుష్య చట్టం 19వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. నిప్పుతో నిర్లక్ష్యంగా వ్యవహరించి ఎదుటివారి ప్రాణం మీదికి తెస్తే ఆరు నెలల దాకా జైలో, రెండు వేల దాకా జరిమానానో, రెండూనో అంటుంది భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షన్. అడవికి నిప్పుపెడితే అటవీ చట్టాలు వేరే ఉన్నాయి. ఇన్ని ఉన్నా అసలుది లేదు. నిర్లక్ష్యానికి శిక్ష రాసిన చట్టం జాగ్రత్త అంటే ఏమిటో రాయలేదు. గట్టు వెంబడి ఎంత మేర దున్నాలి, పక్క పొలం వాళ్లకు ఎప్పుడు చెప్పాలి, ఫైర్ స్టేషన్‌కు ముందే ఫోను చేయాలా అక్కర్లేదా? ఎక్కడా జవాబు దొరకదు. పక్కవాడి డ్రిప్ పైపులు కరిగాక, మామిడి తోట మాడాక, పొగలో చిక్కుకున్న ముసలి రైతు పొలంలోనే కూలిపోయాక గానీ చట్టం కళ్లు తెరవదు. మరో పక్క వ్యవసాయ శాఖే, గులాబీ రంగు పురుగు మళ్లీ రాకుండా పత్తి కట్టెను పీకి నాశనం చేయమని చెబుతుంది. కట్టెను ముక్కలు చేసే యంత్రం అందుబాటులో లేని రైతుకు నాశనం చేయడానికి ఉన్నది అగ్గిపెట్టే.

నిషేధం మంటను ఆపకపోతే పోనీ, వేళ మారుస్తుంది. నా అసలు ఫిర్యాదు ఇదే. పంజాబ్ చూడండి. భూగర్భ జలాలు కాపాడుకోవడానికి 2009లో అక్కడొక చట్టం తెచ్చారు. జూన్ 10 కంటే ముందు వరినాట్లు వేయకూడదన్నారు. ఉద్దేశం మంచిదే. నాట్లు వెనక్కి జరిగితే కోతలూ వెనక్కి జరిగాయి. వరి కోతకూ గోధుమ విత్తనానికీ మధ్య వ్యవధి కుంచించుకుపోయింది. మంటలన్నీ గాలి మందగించే అక్టోబరు చివర, నవంబరు మొదట్లో వచ్చిపడ్డాయి. ఆ తర్వాత 2015 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీతోపాటు పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో పంట వ్యర్థాల దహనాన్ని నిషేధించి జరిమానాలు పెట్టింది. 2024 నవంబరులో కేంద్రం ఆ జరిమానాలను రెట్టింపు చేసి, రెండెకరాల లోపు రైతుకు 5 వేలు, ఐదెకరాల దాకా 10 వేలు, ఆపైన 30 వేలు అంది. మంటలు లెక్కపెట్టే ఉపగ్రహాలు మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో ఆ పొలాల మీదుగా వెళ్తాయి. దక్షిణ కొరియా భూస్థిర ఉపగ్రహం రోజంతా తీసే చిత్రాలను పరిశీలించిన నాసా శాస్త్రవేత్త హిరెన్ జేత్వా, మంటలు మధ్యాహ్నం నుంచి సాయంత్రానికి జరుగుతున్నాయని గమనించారు. ఉపగ్రహం కన్నుగప్పడానికే ఇదంతా అని అందరూ ఒప్పుకోకపోవచ్చు. కారణం ఏదైనా, నష్టం ఒక్కటే. మధ్యాహ్నం నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, పొగను ఎత్తుకుపోయి పలచన చేస్తుంది. పొద్దు వాలాక నేల చల్లబడుతుంది, పొగ మనుషుల ముక్కు ఎత్తులోనే రాత్రంతా పరుచుకుంటుంది. దొంగచాటు మంట ఎంచుకునేది అలాంటి వేళనే.

అలాగని మధ్యాహ్నం కాల్చమంటే సరిపోతుందా అంటే అదీ కాదు. మన మే నెల మధ్యాహ్నం పొగకు అనుకూలం, నిప్పుకు మరీ అనుకూలం. నలభై మూడు డిగ్రీల ఎండలో ఎండిన గడ్డి, వేడిగాలి తోడైతే మంట గట్టు దాటడానికి నిమిషం చాలు. గాలి బొత్తిగా లేకపోతే పొగ కదలదు, ఎక్కువైతే మంట ఆగదు. మొదట గాలి పోయే వైపు అంచున నిప్పుపెట్టి, మంటను గాలికి ఎదురు నడిపించి, అక్కడ కాలిన పట్టీ తయారయ్యాకే మిగతా వైపులు అంటించాలన్నది అనుభవజ్ఞులకు తెలిసిన పద్ధతి. గాలి వచ్చే వైపు నుంచి ఒక్కసారిగా అంటిస్తే పని త్వరగా అవుతుంది, ప్రమాదమూ అంతే త్వరగా వస్తుంది. పొగకూ మంటకూ కావలసిన వాతావరణం ఒక్కటి కాదు గనక, ఏటికేడాదికి సరిపోయే ఒకే నియమం రాసిపెట్టడం కుదరదు. గాలి చూసి, తేమ చూసి, ఈ పూట సరే, రేపు కాదు అని ఏ రోజుకా రోజు ఎవరో ఒకరు తేల్చి చెప్పాలి.

అలా చెప్పే ఏర్పాట్లు ఉన్న చోట్లు ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో సాధారణంగా అక్టోబరు నుంచి మార్చి దాకా కార్చిచ్చు కాలం. ఆ రోజుల్లో ఆరుబయట నిప్పు రాజేయాలంటే అనుమతి తీసుకోవాలి, ఇరుగుపొరుగుకు 24 గంటల ముందు చెప్పాలి. పూర్తి నిషేధం ప్రకటించిన రోజున చేతిలో అనుమతి ఉన్నా చెల్లదు. కాలిఫోర్నియా అగ్నిమాపక శాఖ ఇంటి ఆవరణలోని ఆకులూ కొమ్మలకు ఇచ్చే అనుమతిలో కుప్ప నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు మించకూడదు. చుట్టూ పదడుగులు మట్టి తేలేలా శుభ్రం చేయాలి, పార, నీళ్లు దగ్గరుండాలి, మంట ఆరేదాకా పెద్దవాళ్లొకరు కదలకూడదు. అదీ గాలి పరిస్థితి బాగుందని ప్రకటించిన రోజునే. ఫ్లోరిడాలో రైతులు, అడవుల యజమానులు ఏ రోజు మంటకు ఆ రోజు అటవీ సేవా విభాగం అనుమతి తీసుకుంటారు. అలా ఏటా దాదాపు 20 లక్షల ఎకరాలు పద్ధతిగా కాలుతాయి. అంతటా సూత్రం ఒక్కటే. మంట జరుగుతుందని ఒప్పుకుని, దానికి వేళా కొలతా పెట్టడం.

ఇక్కడ ఎదురయ్యే మొదటి ఆక్షేపణ మనందరి నాలుక చివరా ఉన్నదే. అనుమతి అంటే ఇంకో కాగితం, ఇంకో బల్ల, ఇంకో చేయి తడపడం. నిజమే, తహసీల్దారు సంతకం మీద నడిచే అనుమతి అయితే వద్దే వద్దు. కానీ న్యూ సౌత్ వేల్స్ అనుమతికి రుసుము లేదు, కాలిఫోర్నియాది ఆన్‌లైన్‌లో ఉచితం. లంచం పుట్టేది ఒక మనిషి ఇంకో మనిషికి విడిగా ఇచ్చే దగ్గర. మండలమంతటికీ కలిపి, రేపు ఈ నాలుగు గ్రామాలకు ఉదయం పది నుంచి పన్నెండు దాకా అని ప్రకటిస్తే అమ్ముకోవడానికి అక్కడ ఏమీ మిగలదు. రెండో ఆక్షేపణ మన కమతాలు చిన్నవని. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం హెక్టారు, ఆంధ్రప్రదేశ్‌లో అంతకంటే కాస్త తక్కువ. ఇన్ని లక్షల మందికి ఎవరు కాగితాలు రాస్తారు? రాయనక్కర్లేదు. నీళ్లు చాలనప్పుడు కాలువ కింద వంతులు వేసుకోవడం మన ఆయకట్టుకు ఎప్పటినుంచో వచ్చు. ఎగువ తూముకు ఈ వారం, దిగువకు వచ్చే వారం. మంటకూ అలాగే వంతు వేయొచ్చు. తెలంగాణలో రైతు వేదికలు, ఆంధ్రలో రైతు సేవా కేంద్రాలు ఉండనే ఉన్నాయి. ఒకే సాయంత్రం వెయ్యెకరాలు తగలబడటానికీ, అదే వెయ్యెకరాలు పది రోజుల మీద విడివిడిగా, గట్టున మనుషులుండగా కాలడానికీ తేడా లేదని ఎవరంటారు?

మూడో ఆక్షేపణ అంత తేలిగ్గా పోయేది కాదు. అనుమతి ఇవ్వడమంటే తప్పుకు ముద్ర వేయడం కదా, ముద్ర పడ్డాక ఎవరు మానుతారు అంటారు. దీనికి అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రం చరిత్ర చూడాలి. అక్కడి విల్లామెట్ లోయ పచ్చిక గడ్డి విత్తనాలకు ప్రసిద్ధి. తెగుళ్లు పోవాలంటే కోత తర్వాత పొలం కాల్చాల్సిందేనని 1940ల నుంచి శాస్త్రవేత్తలే ప్రోత్సహించారు. 1969 ఆగస్టులో ఒక మంగళవారం యూజీన్ నగరాన్ని ఆ పొగ కమ్మేసింది. జనం దాన్ని నల్ల మంగళవారం అన్నారు. ఆ తర్వాత అనుమతుల వ్యవస్థ బిగిసింది. పొలం నమోదు చేయించాలి, ఎకరాకు ఇంత రుసుము కట్టాలి, ఆ రోజు గాలి చూసి అధికారులు సరే అంటేనే నిప్పు. నేను పైన మెచ్చుకున్నవన్నీ అక్కడ ఉన్నాయి. అయినా 1988 ఆగస్టులో ఆల్బనీ దగ్గర ఒక పొలం మంట అదుపు తప్పింది. పొగ ఐదో నంబరు అంతర్రాష్ట్ర రహదారిని కప్పేసింది. కన్ను కానరాక 23 వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఏడుగురు చనిపోయారు. అనుమతి ఉన్నంత మాత్రాన మంట క్షేమం కాదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. దీన్ని పక్కనపెట్టి నా వాదన నడిపితే అది మోసమవుతుంది.

అయితే తర్వాత జరిగింది గమనించాలి. ఏ రైతు ఎన్ని ఎకరాలు కాలుస్తున్నాడో అనుమతుల పుణ్యమా అని లెక్క చేతిలో ఉంది గనక, ఆ రాష్ట్రం దాన్ని తగ్గించగలిగింది. 1980లలో ఏడాదికి రెండున్నర లక్షల ఎకరాలున్న పరిమితిని 1991 చట్టం దశలవారీగా 65 వేలకు దించింది. 2009లో మరో చట్టం దాన్ని 15 వేల ఎకరాలకు కుదించి, వేరే దారి లేని రకాలకూ ఏటవాలు నేలలకూ పరిమితం చేసింది. ఈలోగా రైతులు గడ్డిని కట్టలు కట్టి జపాన్, కొరియా పశువులకు మేతగా ఎగుమతి చేయడం మొదలుపెట్టారు. అంటే అనుమతి పద్ధతి అక్కడ మంటకు శాశ్వత హక్కుగా మిగల్లేదు, మంటను సాగనంపే దారి అయింది. నిషేధానికి ప్రత్యామ్నాయంగా అనుమతిని నిలబెట్టాలని బయలుదేరిన ఈ వాదన చివరికి వచ్చి చేరింది ఇక్కడికి. నిషేధమే గమ్యం కావచ్చు. కానీ లెక్క లేకుండా పెట్టిన నిషేధం ప్రకటనగానే ఉండిపోతుంది, లెక్కతో మొదలైన అనుమతి నిషేధం దాకా నడవగలదు. మన దగ్గరా గడ్డి కట్టలు కట్టే బేలర్లు వచ్చాయి, సూపర్ ఫాస్ఫేట్ చల్లి కొయ్యకాళ్లను కలియదున్నే పద్ధతీ ఉంది. ఏ ఊళ్లో ఎంత కాలుతోందో తెలిస్తే, యంత్రం ముందు ఏ ఊరికి పంపాలో కూడా తెలుస్తుంది.

ఒక్క మంటకు మాత్రం నేను వంతూ వేయను, వేళా పెట్టను. అది చెత్త మంట. ప్లాస్టిక్ కలిసిన చెత్తను మధ్యాహ్నం కాల్చినా అర్ధరాత్రి కాల్చినా డయాక్సిన్లు పుడతాయి, గాలి ఎటు వీచినా ఎవరో ఒకరు పీలుస్తారు. అనుమతులకు పుట్టినిల్లు లాంటి కాలిఫోర్నియా కూడా ఇంటి చెత్త కాల్చడాన్ని 2004 నుంచి ఒప్పుకోవడం లేదు. మన దగ్గర 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త కాలిస్తే 5 వేలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25 వేలు జరిమానా అంది. ఊడ్చిన ఆకుల కుప్పలో పాల ప్యాకెట్లు, కప్పులు కలిపి తెల్లవారకముందే రోడ్డు పక్కన అంటించే అలవాటు తరచూ ఊడ్చే వ్యవస్థదే. 2023 మార్చిలో కొచ్చి దగ్గర బ్రహ్మపురం డంపింగ్ యార్డు రోజుల తరబడి కాలితే ట్రిబ్యునల్ కార్పొరేషన్‌కు వంద కోట్ల జరిమానా వేసింది. ఎవరి దగ్గర మొదలుపెట్టాలో ఆ తీర్పు చూపించింది. పిడకలతో, పాత కలపతో వేసే భోగి మంటతో నాకు పేచీ లేదు. అందులోకి టైరు వచ్చిందంటే అదీ చెత్త మంటే, పండగ పేరు దానికి మినహాయింపు కాదు.

కాబట్టి వ్యవసాయ శాఖ వచ్చే ఏడు అదే ప్రకటన ఇవ్వదలిస్తే నా కోరిక చిన్నది. చర్యలు తప్పవన్న చోట ఒక ఫోను నంబరు, మండలానికి వంతుల పట్టిక, గట్టు వెంబడి రెండు చాళ్లు దున్నాలని, ఇద్దరు మనుషులు నీళ్లతో ఉండాలని చెప్పే రెండు వాక్యాలు వేయండి. చెత్తకు ఆ పట్టికలో చోటు లేదని కూడా రాయండి. పట్టిక కింద ఈ ఏడాది ఎన్ని ఎకరాలకు అనుమతో, వచ్చే ఏడాది ఎన్నింటికో, ఏ సంవత్సరానికి సున్నా చేయదలిచారో అచ్చేయండి. ఆ సంవత్సరం వచ్చేసరికి బేలర్లు ఊళ్లకు చేరకపోతే తప్పెవరిదో తేల్చడానికి ఉపగ్రహం అక్కర్లేదు, ఆ పట్టికే చాలు.