తోలు విద్యకు దక్కని గౌరవం

వేటాడిన జంతువు చర్మాన్ని కుళ్లిపోకుండా కాపాడి ఒంటికి తగిన వస్త్రంగా మలచుకోవడం మానవజాతి నేర్చిన అతి పురాతన విద్యలలో ఒకటి. ఉత్తర అమెరికా ఆదివాసులు జింక తోలుతో కుట్టుకున్న బక్‌స్కిన్ దుస్తులు ఈ విద్యకు ప్రసిద్ధమైన ఉదాహరణ కాగా, బాన్సువాడ వంటి తెలంగాణ ప్రాంతాలలో అదే విద్య మరో దారి పట్టి చెప్పులుగా, బావినుంచి ఎడ్లతో నీరు తోడే మోట బొక్కెనగా, డప్పుగా రూపుదిద్దుకున్నది. ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి చూస్తే, నేర్పులో ఒకదానికొకటి తీసిపోని పనులకు దక్కిన గౌరవంలో ఎంత అంతరం ఉన్నదో తేటతెల్లమవుతుంది.

పచ్చి తోలు తడిగా ఉంటే కుళ్లుతుంది, ఆరితే బిగుసుకుపోతుంది. అందువల్ల ఏ దేశంలోనైనా తోలు పని అంటే ఈ రెండు కీడులనూ తప్పించడమే. బక్‌స్కిన్ తయారుచేసేవారు జింక చర్మపు పైపొరను వెంట్రుకలతో సహా గీకివేసి, జంతువు మెదడును నీటిలో మెదిపి పట్టించి, తోలు పూర్తిగా ఆరేదాకా దానిని సాగదీస్తూనే ఉంటారు. మెదడులోని కొవ్వు పదార్థాలు పీచుల నడుమ చేరి అవి ఒకదానికొకటి అతుక్కోకుండా అడ్డుపడతాయి గాని, చేయి ఆగినచోట తోలు గట్టిపడుతుంది, దానిని మళ్లీ తడిపి పని మొదలుపెట్టవలసిందే. చివరగా పుచ్చిన కట్టెతో పెట్టే పొగలోని ఆల్డిహైడ్లనే రసాయనాలు చర్మపు పీచుకు మూలమైన కొల్లాజన్ అనే మాంసకృత్తుతో కలుస్తాయి కనుక, ఆ తోలు వానకు తడిసి ఆరినా మెత్తగానే ఉంటుంది. పొదలలో చప్పుడు చేయని, ముళ్లకు సులువుగా చిరగని, చలిగాలిని ఆపే ఆ దుస్తులు వేటగాడికి అన్నివిధాలా అనుకూలమైనవి.

బాన్సువాడ ప్రాంతపు మంజీరా నదీతీరపు ఎండలకు అటువంటి దుస్తులతో అవసరం లేదు. ఇక్కడ జింక తోలు ఒంటిమీదికి వచ్చింది వేటకోసం కాదు, ఉపనయన వేళ వటువు ధరించే కృష్ణాజినంగా, తపస్వి ఆసనంగా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేటకూ అటువంటి తోళ్లకూ తెరపడింది. ఊరి బతుకుకు ఆధారమైనది మాత్రం ఎద్దు తోలు, బర్రె తోలు, వాటిని ఊనే, అంటే పదును చేసే, మాదిగ కులస్థుల పనితనం.

ఆ పని లంద దగ్గర, అంటే తోళ్లు నానబెట్టే గొయ్యి లేక తొట్టి దగ్గర జరిగేది. తోలును సున్నపు నీటిలో కొన్నాళ్లు నానబెట్టి, వదులైన వెంట్రుకలనూ లోపలివైపు అంటిన కండ పొరలనూ గీకి, సున్నం పోయేదాకా కడిగి, దంచిన తంగేడు చెక్క నానిన నీటిలో వేసేవారు. కొన్నిచోట్ల తోలునే సంచిలా కుట్టి, వేలాడదీసి, ఆ కషాయంతో నింపేవారు. బతుకమ్మ పూలలో మొదట గుర్తుకువచ్చే తంగేడు చెట్టు బెరడులోని వగరు, శాస్త్రభాషలో టానిన్, కొల్లాజన్‌ను పట్టుకొని తోలును కుళ్లనివ్వదు. పని పూర్తయిందో లేదో తెలియడానికి అంచున సన్నగా కోసి చూస్తే చాలు: కోత నడుమ తెల్లని చార కనిపిస్తే వగరు ఇంకా లోపలికి దిగలేదని అర్థం. ఏ పుస్తకమూ లేకుండా కంటితో, వేలితో తరతరాలుగా అందిన పరీక్ష ఇది.

మంజీరాపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ జలాశయపు కాలువలు అందని పొలాలను మోటబావులే తడిపేవి. మోట తోలు, ఎడ్ల వార్లు, రైతు చెప్పులు అన్నీ మాదిగ ఇంటినుంచే రాగా, ప్రతిఫలంగా కల్లం దగ్గర కొలిచి ఇచ్చే గింజలు దక్కేవి. పంట ఇంటికి చేరడంలో అంత భాగమున్న మనిషిని మాత్రం ఊరు అంటరానివాడన్నది. కృష్ణాజినం పవిత్రమైనదీ, తోలు ఊనిన చేయి మైలదీ ఎలా అయ్యాయన్న ప్రశ్నకు ఈ సమాజం ఇప్పటికీ నిజాయితీగా జవాబు చెప్పలేదు.

అదే పనికి ప్రయోగశాలలో మర్యాద దక్కింది. మద్రాసులో 1948లో ఏర్పడిన కేంద్రీయ తోలు పరిశోధన సంస్థకు 1958 నుంచి 1971 దాకా సంచాలకుడిగా పనిచేసిన యలవర్తి నాయుడమ్మను తెలుగువారు గర్వంగా తలచుకుంటారు. ఆ గర్వంలో కొంతైనా తంగేడు చెక్క దంచిన చేతులకు చెందాలి. కరెంటు మోటార్లు మోటను, క్రోమియం లవణాలతో త్వరగా తయారయ్యే ఫ్యాక్టరీ తోలు, ప్లాస్టిక్కు కలిసి ఊరి చెప్పును వెనక్కి నెట్టిన తరువాత, ఆ పని విడిచి చదువులకూ ఉద్యోగాలకూ వెళ్లిన కుటుంబాల నిర్ణయం పూర్తిగా న్యాయమైనది. పుట్టుక పేరిట వారిని మళ్లీ లంద దగ్గరికి రమ్మనే హక్కు ఎవరికీ లేదు.

అయితే విద్య వేరు, దానికి అంటగట్టిన అవమానం వేరు. పాశ్చాత్య దేశాలలో బక్‌స్కిన్ పనిని నేడు రుసుము చెల్లించి శిబిరాలలో నేర్చుకుంటున్నారు. ఇక్కడ ఆ నేర్పు తెలిసిన వృద్ధులు ఉండగానే వారి చేత చెప్పించుకొని, వారి పేరుతో నమోదు చేసి, తగిన పారితోషికం ఇచ్చి, పాలిటెక్నిక్ పాఠాలలోనూ మ్యూజియంలలోనూ చోటు కల్పించడం బాన్సువాడ ప్రాంతపు విద్యాసంస్థలు చేపట్టదగిన పని. కులం అడగకుండా ఇష్టపడినవారందరూ ఆ విద్యను నేర్చుకొని, నేర్పినవారిని గురువులుగా గౌరవించిన నాడే తోలు పనికి జరిగిన అన్యాయం తీరడం మొదలవుతుంది.