రాత ఆయనదే, మాట ఆయనది కాదట

కాందహార్ హైజాక్ మీద 2024లో నెట్‌ఫ్లిక్స్ సిరీస్ వచ్చినప్పుడు మళ్లీ అదే పాత వాదన మొదలైంది. 1999 డిసెంబర్‌లో ఆ ముగ్గురినీ జైల్లోంచి వదలాల్సిందా, వద్దా? వదలబట్టే తర్వాత అన్ని చావులు చూశామని కొందరు, విమానంలో ఉన్నది మీ వాళ్లయితే ఇలాగే అంటారా అని కొందరు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది కాబట్టి వాదన ఎక్కడికీ పోదు. ప్రభుత్వం కిడ్నాపర్లతో మాట్లాడాలా అన్నదే అందరి ప్రశ్నా. బందీ మాట్లాడితే ప్రభుత్వం ఏం చేస్తుంది అని ఎవరూ అడగరు. ఇటాలియన్ రచయిత లియొనార్దో షాషా 1978లో రాసిన చిన్న పుస్తకం 'ది మోరో అఫైర్' పూర్తిగా ఆ రెండో ప్రశ్న మీదే నిలబడింది.

కథ తెలియని వాళ్ల కోసం క్లుప్తంగా. 1978 మార్చి 16 ఉదయం రోమ్‌లో రెడ్ బ్రిగేడ్స్ అనే సాయుధ వామపక్ష దళం అల్దో మోరోని ఎత్తుకుపోయింది. ఆయన మాజీ ప్రధాని, పాలక క్రిస్టియన్ డెమోక్రాట్ పార్టీ అధ్యక్షుడు. వెంట ఉన్న ఐదుగురు రక్షణ సిబ్బందినీ అక్కడికక్కడే కాల్చేశారు. పదమూడు మంది ఖైదీలను వదిలితే మోరోని వదులుతామన్నారు. ప్రధాని ఆంద్రెయోత్తి ప్రభుత్వం బేరం లేదంది. కమ్యూనిస్టులూ అదే మాట మీద నిలబడ్డారు. ఏదో ఒక దారి చూడమన్నది ముఖ్యంగా సోషలిస్టులు. 55 రోజుల తర్వాత, మే 9న, ఎర్ర రెనో కారు డిక్కీలో మోరో శవం దొరికింది.

ఈ 55 రోజుల్లో మోరో లోపల్నుంచి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. పార్టీ వాళ్లకి, హోంమంత్రి కొస్సీగాకి, పోప్‌కి, భార్యకి. బతిమాలాడు, వాదించాడు, కోప్పడ్డాడు. పాలస్తీనా గెరిల్లాల విషయంలో మనమే ఖైదీలను చడీచప్పుడు లేకుండా వదల్లేదా, ఇప్పుడీ పట్టుదల ఎక్కడినుంచి వచ్చింది అని నిలదీశాడు. ప్రభుత్వ పక్షం, దాని వెనకే పత్రికలు ఇచ్చిన జవాబు ఒకటే: చేతిరాత ఆయనదే, కానీ నైతికంగా ఈ మాటలు ఆయనవి కావు. పాత స్నేహితులు కొందరు, ఈ ఉత్తరాలు రాసిన మనిషి మాకు తెలిసిన మోరో కాదని బహిరంగంగా ప్రకటన కూడా ఇచ్చారు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే, సంతకం వెరిఫై అయింది, అయినా మెసేజ్‌ని రిజెక్ట్ చేశారు.

షాషా ఇక్కడ చేసిన పని మామూలుగా విమర్శకుడు చేసేదే. ఉత్తరాలు తీసుకుని కూర్చుని చదివాడు. ఈ పుస్తకంలో అంతకుమించి పరిశోధన లేదు. ఆయన డిటెక్టివ్ నవలలు రాసినవాడే, అయినా సంఘటన స్థలానికి వెళ్లడు, సాక్షులను వెతకడు. ఏ మాట తర్వాత ఏ మాట వచ్చింది, ఏ మాట రావాల్సిన చోట రాలేదు, అంతే. బోర్హెస్ కథలో పియెర్ మెనార్డ్ డాన్ కిహోటేని అక్షరం మారకుండా మళ్లీ రాస్తాడు కదా, దాన్ని తెచ్చి ఇక్కడ పెడతాడు: అవే మాటలు, చదివేవాడి కాలం మారితే అర్థం వేరు. బోర్హెస్ అనగానే మనవాళ్లలో చాలామందికి ఒక సరదా వస్తుంది. ఇక్కడ ఆ సరదా లేదు. చదవడంలో తేడా వస్తే ఒక మనిషి చచ్చిపోతాడు.

మోరో రాజకీయ జీవితమంతా ఏమీ తేల్చి చెప్పకుండా మాట్లాడటంలో ఆరితేరినవాడు. ఆ భాషని పజోలినీ అంతకుముందే ఎత్తిచూపాడు, షాషా పుస్తకం ఆయన్ని తలచుకునే మొదలవుతుంది. ఇప్పుడు అదే మోరో, కిడ్నాపర్లు చదివాక గానీ బయటికి పోని ఉత్తరాల్లో, వాళ్లకి అర్థం కాకుండా బయటివాళ్లకి ఏదో చెప్పాలి. కొస్సీగాకి రాసిన మొదటి ఉత్తరంలో తాను ఉగ్రవాదుల పూర్తి, అదుపులేని ఆధీనంలో ఉన్నానంటాడు. ఆధీనానికి వాడిన మాట 'దొమీనియో'. షాషా దాని వెనక 'కొందొమీనియో' విన్నాడు, అంటే అపార్ట్‌మెంట్ బిల్డింగ్. జనం బాగా ఉన్న, పోలీసులు ఇంకా సోదా చెయ్యని బిల్డింగులో ఉన్నానని చెబుతున్నాడేమో అంటాడు. మొదటిసారి చదివినప్పుడు ఇది మరీ లాగి చెప్పడం అనిపిస్తుంది. నాకిప్పటికీ కొంచెం అలాగే ఉంది. కానీ మోరోని దాచింది రోమ్‌లో, మోంతాల్చీని వీధిలో ఒక అపార్ట్‌మెంట్‌లోనే అని తర్వాత తేలింది. షాషా ఊహ నిజమని దీంతో రుజువు కాదు. కాకపోతే అలా చదివి చూడటానికి కూడా ఎవరూ సిద్ధంగా లేరన్నది మాత్రం మిగులుతుంది. ఈ మాటలు ఆయనవే కావు అని ముందే తీర్మానించుకున్నాక, వాటిలో సంకేతం కోసం ఎవరు వెతుకుతారు?

ప్రభుత్వం వైపు నుంచి చెప్పుకోవాల్సింది లేకపోలేదు. తుపాకీ నీడలో రాసిన ఉత్తరాన్ని స్వేచ్ఛగా రాసినట్టు తీసుకోలేం. చనిపోయిన ఐదుగురి కుటుంబాలకి ఏం చెప్పి ఖైదీలను వదలాలి? షాషా వీటి మీద ఎక్కువ నిలవడు, ఆ ఐదుగురి మీద మరీ తక్కువ. అది ఈ పుస్తకంలో లోటే. కోపం మీదున్న పుస్తకం ఇది, మోరో పోయిన నాలుగు నెలల్లోపే రాసేశాడు. అయినా ఆయన పట్టుకున్న తేడా నాకు సరైనదే అనిపిస్తుంది. 'నువ్వు అడిగింది చెయ్యలేం' అనడం వేరు. 'నువ్వు అసలు అడగనే లేదు' అనడం వేరు. మొదటిదానికి జవాబుదారీ ఉంటుంది, కాదన్న మనిషి ఆ 'కాదు'ని మోయాలి. రెండోదాంట్లో ఎవరూ ఏమీ మోయక్కర్లేదు. చావుకి భయపడి, పిల్లల్ని తలుచుకుని ఏడ్చేవాడు మోరో కాదు, మోరో అంటే గొప్ప రాజనీతిజ్ఞుడు! ఈ రాజనీతిజ్ఞుడి విగ్రహాన్ని పత్రికలు ఆ రోజుల్లోనే చెక్కాయని, మోరో ఎప్పుడూ రాజ్యాన్ని మనిషి కంటే ముందు పెట్టినవాడు కాదని షాషా ఓపిగ్గా చూపిస్తాడు. పుస్తకంలో నాకు బాగా నచ్చిన భాగం అదే.

సూత్రం కోసమే బేరం కాదన్నారా అంటే, మూడేళ్లకి 1981లో అదే పార్టీకి చెందిన నేపుల్స్ నాయకుడు చిరో చిరిల్లోని అదే రెడ్ బ్రిగేడ్స్ ఎత్తుకుపోతే డబ్బు ముట్టింది. మధ్యలో కమోర్రా మాఫియా కూడా ఉంది. చిరిల్లో బతికి ఇంటికొచ్చాడు.

తెలుగులో చదివేవాళ్లకి ఇక్కడ గుర్తేడు గుర్తొస్తుంది. 1987 డిసెంబర్‌లో తూర్పు గోదావరి ఏజెన్సీలో పీపుల్స్‌వార్ ఐఏఎస్ అధికారులను బందీలుగా పట్టుకుంది. వాళ్లలో ఎస్.ఆర్. శంకరన్ ఒకరు. ఎన్టీఆర్ ప్రభుత్వం జైల్లో ఉన్న నక్సలైట్లను వదిలింది, అధికారులు తిరిగొచ్చారు. ఇందులో తప్పొప్పుల మీద మన దగ్గరా చాలా గొడవ ఉంది. నాకు ఆసక్తి తర్వాత జరిగినదాని మీద. బందీగా ఉండొచ్చిన మనిషి మాట చెల్లకుండా పోలేదు. పదేళ్ల తర్వాత అదే శంకరన్ పౌరస్పందన వేదిక కన్వీనర్‌గా ప్రభుత్వానికీ నక్సలైట్లకీ మధ్య నిలబడ్డారు, 2004 హైదరాబాద్ చర్చలకి దారి వెయ్యడంలో ఆ వేదికది పెద్ద పాత్ర. ఆ చర్చలు నిలవలేదు, అది వేరే కథ.

మోరో చివరి ఉత్తరాల్లో ఒక కోరిక ఉంది: నా అంత్యక్రియలకి ప్రభుత్వం వాళ్లూ పార్టీ వాళ్లూ రాకూడదు. కుటుంబం ఆ మాట నిలబెట్టింది, తొరీతా తిబెరీనా అనే చిన్న ఊళ్లో తమ వరకే పూడ్చుకున్నారు. ప్రభుత్వం మే 13న రోమ్‌లో వేరే ప్రార్థన పెట్టింది. పోప్ వచ్చాడు, మంత్రులంతా ముందు వరసలో కూర్చున్నారు. శవం మాత్రం అక్కడ లేదు.