రెండో బకెట్

ఈ వారం నాకు చిరాకు తెప్పించింది ఒక అట్టపెట్టె. మా కింది ఫ్లాట్ కుర్రాడు కొత్త కారు కొని, దాంతోపాటే డీటెయిలింగ్ కిట్టూ తెప్పించాడు. ఫోమ్ గన్ను, క్లే బార్, రకరకాల పాలిష్‌లు, టైర్లకో డబ్బా, డాష్‌బోర్డుకో డబ్బా, ఏసీ జాలీలో దూర్చే బుల్లి బ్రష్షు. "అంకుల్, ముందు ఏది వాడాలి?" అని సెల్లార్లో పట్టుకున్నాడు. పనికన్నా ముందు సామాను కొనే జబ్బు మీద ఈ కాలమ్‌లో నేనెంత సణిగానో మీకు తెలుసు. ఓ బకెట్, ఓ పాతగుడ్డ చాలవా అనుకున్నాను.

అలా అనిపించడానికి కారణం మా పెదనాన్న అంబాసిడర్. తెనాలిలో ఆ కారు నడిపే ఆయన్ని పిల్లలందరం డ్రైవరు మావయ్య అనేవాళ్లం. ఎండ పడకముందే కారు నీడకి చేర్చి, చెంబుతో టాపు మీంచి నీళ్లు పోసేవాడు. ఊరికే పోయడమే, చెయ్యి తాకించేవాడు కాదు. మట్టి అంతా జారిపోయి నీళ్లు తేటపడ్డాకే పాత పంచె ముక్క తడిపేవాడు. తుడవడం పైనుంచి కిందికే. చక్రాలు ఆఖర్న, వాటికి కొబ్బరిపీచు. ఆ పీచు పొరపాటున తలుపుకి తగిలించామా, ఆ రోజుకి మాకు కారెక్కే యోగం లేదు. పండగ ముందు పాలిష్ పెడితే గుడ్డకి కారు రంగు అంటుకొచ్చేది. "రంగు పోతోంది మావయ్యా" అంటే "పైన మాసింది పోతేనేరా లోపలిది మెరిసేది" అనేవాడు. దసరాకి బానెట్ మీద పెట్టిన పసుపు కుంకాలు సాయంత్రానికల్లా తడిగుడ్డతో తీసేసేవాడు. అమ్మవారికి కోపం రాదుగానీ రంగు మీద మరక దిగుతుందని ఆయన సిద్ధాంతం.

ఇదంతా కుర్రాడికి చెప్పబోయి ఆగాను. వాడిది అంబాసిడర్ కాదు. అప్పటి కార్లకి రంగే పై పొర. ఇప్పటివాటికి రంగు మీద క్లియర్ కోట్ ఉంటుంది. దాని మందం సుమారు 40, 50 మైక్రాన్లు, తలవెంట్రుక కన్నా పల్చన. రోడ్డు దుమ్ములో ఉండే క్వార్ట్జ్ ఇసుక గట్టిదనం మోస్ స్కేలు మీద 7, ఇనుప మేకునీ గీయగల సరుకు. పంచె ముక్క ఆ రేణువుల్ని లోపల దాచుకోదు, కారు పొడుగునా ఈడుస్తుంది. మిట్టమధ్యాహ్నం ఏ నల్లకారునైనా చూడండి, సాలెగూడులా గీతలే గీతలు.

కాబట్టి మావయ్య వరస ఉంచి గుడ్డ మార్చాలి. కొత్తవాళ్లకి కావలసింది రెండు బకెట్లు. ఒకదాంట్లో కారు షాంపూ, రెండోదాంట్లో మామూలు నీళ్లు. ఓ తలుపు తుడవగానే చేతికి తొడుక్కునే మైక్రోఫైబర్ మిట్‌ని మామూలు నీళ్లలో జాడించి, ఆ తర్వాతే షాంపూలో ముంచాలి. ఆరబెట్టడానికో పెద్ద తువ్వాలు, లోపలికి నాలుగు చిన్న గుడ్డలు, చక్రాలకి వేరే బ్రష్షు. అంతే. గిన్నెల సబ్బు జిడ్డుతోపాటు వ్యాక్స్‌నీ పట్టుకుపోతుంది. గుడ్డల అంచున లేబుల్ ఉంటే కత్తిరించాలి, అదీ గీస్తుంది. వాటిని ఉతికేటప్పుడు సువాసన కండిషనర్ పోస్తే ఇక నీళ్లు పీల్చవు. బోరునీళ్లయితే ఆరకముందే తుడవాలి, లేకపోతే తెల్లమచ్చలు. క్లే బార్, పాలిష్ అటకెక్కించొచ్చు. పాలిష్ పెట్టడమంటే ఉన్న క్లియర్ కోట్‌ని కాస్త అరగదీయడమే.

ఇంతకీ ఈ కిట్టు వాడేదెవరు? అపార్ట్‌మెంట్లలో మన కార్లు మనం కడుగుతున్నామా? తెల్లారకముందే ఒకే బకెట్, ఒకే గుడ్డతో వరసగా అన్ని కార్లూ తుడుచుకుపోయే మనిషి కడుగుతున్నాడు. నీళ్లు చాలనిచోట పొడిగుడ్డే. నెలజీతం దగ్గర బేరమాడతాం, గీత పడితే కేకలేస్తాం, గుడ్డ మాత్రం కొనివ్వం.

అందుకే ఈసారి నా పాత పాట పాడను. కిట్టు కొనండి, రెండో బకెట్‌తో సహా. కొని ఆ కార్లు తుడిచే మనిషికివ్వండి. రెండు బకెట్లతో పనికి ఎక్కువసేపు పడుతుంది, ఆ మేరకు జీతమూ పెంచండి.