మూడు మీటర్ల రాగి

మంచి జంపర్ కేబుళ్ల జత చేతిలోకి తీసుకుంటే మొదట తెలిసేది బరువు. ఒక్కొక్కటి మూడు మీటర్ల పొడవుండి, లోపల 16 స్క్వేర్ ఎంఎం అసలైన రాగి ఉంటే, రెండింటిలో రాగి ఒక్కటే దాదాపు 860 గ్రాములు తూగాలి. పై తొడుగు, నాలుగు క్లిప్పులు కలిస్తే కిలో దాటాలి. అట్టపెట్టె మీద ‘1000 ఆంప్స్’ అని పెద్దక్షరాలు వేసి, జత మొత్తం అరకిలో కూడా తూగకపోతే ఆ అంకెను పట్టించుకోనక్కర్లేదు. కొట్లో తూకం వేయించుకోవడానికి మొహమాటపడకండి.

బరువుకు ఇంత విలువ ఎందుకంటే, చిన్న పెట్రోలు కారు కూడా సెల్ఫ్ కొట్టిన క్షణంలో నూరు నుంచి రెండు వందల ఆంపియర్లు లాగుతుంది. డీజిల్ బండికి ఇంకా ఎక్కువ కావాలి. అంత కరెంటు పారేటప్పుడు తీగ కూడా తన వంతు వోల్టేజీ తినేస్తుంది. 16 స్క్వేర్ ఎంఎం రాగి కేబుళ్లలో రానూపోనూ ఆరు మీటర్ల దారి. 200 ఆంపియర్ల దగ్గర అందులో పోయేది సుమారు 1.3 వోల్టులు. 25 స్క్వేర్ ఎంఎం అయితే 0.8. అదే 6 స్క్వేర్ ఎంఎం తీగైతే దాదాపు మూడున్నర వోల్టులు దారిలోనే హారతి కర్పూరం. ఎదుటి కారు బ్యాటరీ ఎంత బాగున్నా, లోడు పడగానే దాని వోల్టేజీ కొంత దిగుతుంది. అందులోంచి మూడున్నర పోతే మోటారుకు మిగిలేది చాలదు. టకటకమని చప్పుడు వస్తుంది, ఇంజిన్ తిరగదు. చూసేవాళ్లు బ్యాటరీ చచ్చిపోయిందని తీర్మానిస్తారు. చాలాసార్లు తప్పు కేబుల్‌ది.

బజారులో ఎక్కువగా అమ్ముడయ్యేది రాగి పూత పూసిన అల్యూమినియం. పోగు కొనను బ్లేడుతో గీరితే లోపల తెల్లగా బయటపడుతుంది. కరెంటు మోయడంలో అల్యూమినియం సత్తా అదే లావు రాగిలో అరవై శాతం చిల్లర. అయినా తప్పు ఆ లోహానిది కాదు, లావు తగినంత పెంచితే అదీ చక్కగా పనిచేస్తుంది. సన్నటి తీగ మీద బొద్దు తొడుగు వేసి, రాగి అని చెప్పి అమ్మడమే అన్యాయం. జర్మనీవాళ్ల డిన్ 72553 ప్రమాణం ఈ విషయంలో మెచ్చుకోదగ్గది. అది కేబుల్‌కు తీగ మందంతోనే పేరు పెడుతుంది: 16, 25, 35. పెట్టె మీద స్క్వేర్ ఎంఎం రాయని కంపెనీ ఎంత పెద్ద ఆంపియర్ల అంకె వేసినా, అసలు సంగతి చెప్పనట్టే.

పోగుల విషయానికి వస్తే, ఒకే లావు కడ్డీ కూడా అంతే కరెంటు మోస్తుంది. కానీ అది వంగదు, పదేపదే వంచితే విరుగుతుంది. అందుకే వెంట్రుక లాంటి పోగులను వందలకొద్దీ కలిపి పేనుతారు. అలా పేనిన కేబుల్‌ను చుట్ట చుట్టి డిక్కీలో పెట్టినా విప్పగానే మెలిక లేకుండా నేలమీద పరుచుకుంటుంది.

నాకు అన్నిటికంటే నచ్చేది క్లిప్పు. పనితనం ఉన్నా లేకున్నా బయటపడేది అక్కడే. క్లిప్పుకు రెండు దవడలు. కేబుల్ బిగించేది ఒక దవడకే. రెండోదానికి కరెంటు చేరాలంటే మధ్యనున్న పిన్ను, స్ప్రింగుల మీదుగా పోవాలి. అవి ఇనుపవి, పైగా కదిలేవి, ఆనేది ఏదో ఒక అంచు మాత్రమే. చౌకరకంలో ఆ రెండో దవడ పట్టుకోవడానికే తప్ప కరెంటుకు పనికిరాదు. తెలిసినవాడు చేసిన క్లిప్పులో ఒక దవడ నుంచి రెండోదానికి అల్లిన రాగి పట్టీ ఒకటి వేలాడుతుంది, వేలెడంత కూడా ఉండదు. క్లిప్పు తెరిచినా మూసినా తెగకుండా కాస్త వదులుంచి, రెండు కొనలూ గట్టిగా బిగిస్తారు. దాంతో బ్యాటరీ పోలును పట్టిన పళ్లన్నీ కరెంటు ఇస్తాయి. పోలు గుండ్రంగా ఉండి పైకి సన్నబడుతుంది కాబట్టి ఏ దవడైనా దాన్ని ఆనుకునేది నాలుగైదు చోట్లే. అందులో సగం వదులుకోవడమంటే ఎంత నష్టమో ఆలోచించండి. ఆ చిన్న పట్టీ వేసినవాడు ఆ లెక్క చూసుకున్నాడు. దాన్ని ఎవరూ చూడరని అతనికి తెలుసు, అయినా వేశాడు.

తర్వాత చూడాల్సింది తీగ క్లిప్పులోకి దిగే చోటు. కావలసినంత మేరకే తొడుగు ఒలిచి, ఒక్క పోగూ తెగకుండా అన్నింటినీ లగ్గు అనే లోహపు గొట్టంలోకి దూర్చి, లగ్గూ పోగులూ ఒకే ముద్దయ్యేలా నొక్కాలి. రబ్బరు గొట్టం వెనక్కి లాగి చూస్తే ఆ పని కనిపిస్తుంది. నాసిరకంలో రేకు ముక్కను మడిచి పోగుల మీద అదిమేసి వదిలేస్తారు, బయట సగం పోగులు చిందరవందరగా ఉంటాయి. కారు స్టార్టయ్యాక, కేబుళ్లు తీసేసి చేత్తో తడిమి చూడండి. తీగ మామూలుగా ఉండి మొదలు మాత్రమే కాలుతుంటే ఆ జాయింటు బాగాలేదు.

ఎంత మంచి కేబులైనా చావని బ్యాటరీనే లేపుతుంది. కొన్ని గంటలు కదలకుండా ఉన్న బ్యాటరీకి మల్టీమీటర్ పెడితే 12.6 వస్తే నిండుగా ఉన్నట్టు, 12 దగ్గర ఉంటే బాగా డౌన్ అయినట్టు. ఎంత ఛార్జి పెట్టినా 10.5 దాటకపోతే ఆరు సెల్స్‌లో ఒకటి షార్టయినట్టే అనుకోవాలి, ఎందుకంటే ఒక్కో సెల్ వంతు రెండు వోల్టుల పైచిలుకు. అలాంటి బ్యాటరీని మార్చడమే దారి. 1859లో గాస్టన్ ప్లాంటే సీసపు రేకులను ఆమ్లంలో ఉంచి కనిపెట్టిన రసాయనమే తిరుపతి దగ్గర కరకంబాడిలో తయారైన బ్యాటరీలోనూ పనిచేస్తుంది. డిశ్చార్జి అయిన స్థితిలో వారాల తరబడి వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడటం దాని గుణం. రామగుండం, రెంటచింతల ఎండలు దాని ఆయుష్షు తగ్గిస్తాయి. మే నెలలో తిన్న దెబ్బ తరచూ డిసెంబరు పొద్దున గానీ బయటపడదు.

తగిలించే వరస మారకూడదు. రెండు కార్ల ఇంజిన్లూ ఆపి, బండ్లు ఒకదానికొకటి తగలకుండా నిలపాలి. ఎర్ర క్లిప్పు ముందు డౌన్ అయిన బ్యాటరీ పాజిటివ్‌కు, దాని రెండో కొన మంచి బ్యాటరీ పాజిటివ్‌కు. నల్లది మంచి బ్యాటరీ నెగెటివ్‌కు. చివరి కొనను డౌన్ అయిన బ్యాటరీకి కాక, దానికి దూరంగా అదే కారు ఇంజిన్ మీద పెయింటు లేని లోహానికి పట్టించాలి. చివరి క్లిప్పు తగిలేటప్పుడు నిప్పురవ్వ లేస్తుంది, బ్యాటరీ చుట్టూ హైడ్రోజన్ ఉండవచ్చు. లావు బోల్టును కూడా పట్టేంత వెడల్పుగా దవడ తెరుచుకోవడం ఇక్కడే అక్కరకొస్తుంది. మంచి కారును కొన్ని నిమిషాలు ఆన్‌లో ఉంచితే డౌన్ అయిన బ్యాటరీ కొంత పుంజుకుంటుంది, కేబుల్ మీద భారం తగ్గుతుంది. తీసేటప్పుడు వరస తిరగేయాలి.

చిన్న పెట్రోలు కారుకు 16, డీజిల్ ఎస్‌యూవీకి 25 తీసుకోండి. ముక్కుకు ముక్కు ఎదురుగా నిలిపే వీలు లేని ఇరుకు పార్కింగులో ఉండేవాళ్లకు మూడు మీటర్లు చాలకపోవచ్చు. పొడవు పెంచితే మందమూ పెంచాలి. పని అయ్యాక పళ్లకు అంటిన తెల్లపొడిని తడిగుడ్డతో తుడిచి, ఆరాకే చుట్టిపెట్టండి. రాగి పట్టీ కొనలు ముందుగా పచ్చబడేది ఆ తడికే.