గడియ ఏ వైపున నుండవలెను?

ఇల్లు కట్టించువాడు గోడలకును కప్పునకును ఎంత వ్యయము చేసినను, తలుపునకు లోపలివైపున గడియ లేనియెడల దానిని ఇల్లని ఎవరును అనరు. సత్రమందురు, చావడి యందురు. గడియ వెలుపలివైపున మాత్రమే యున్నచో దానికి వేరొక పేరు కలదు. ఆ పేరు పాఠకులకు చెప్పనక్కర లేదు. నేడు మన యందరి చేతులలోను ఉన్న సెల్‌ఫోనునకు గడియ ఏ వైపున నున్నదో విచారించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. మేము ఇంజనీరులము కాము. న్యాయవాదులము అంతకంటె కాము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, కాగితములు చదివి, నకళ్లు వ్రాసి, దస్త్రములు కట్టి ఉద్యోగకాలము గడపిన గుమాస్తాలము. కాని ఈ కాగితముపై ఎవరు సంతకము చేసిరి, ఎందులకు చేసిరి, చేయుటకు వారికి అధికారము కలదా అను మూడు ప్రశ్నలను మా వృత్తి మాకు నేర్పినది. ఆ మూడు ప్రశ్నలనే ఇచ్చట వేయుచున్నాము.

2025 డిసెంబరు మొదటి వారమున పత్రికలలో ఒక వార్త వచ్చినది. మన దేశమున అమ్మెడి ప్రతి క్రొత్త సెల్‌ఫోనులోను ‘సంచార్ సాథీ’ యను ప్రభుత్వపు యాప్‌ను తయారుచేయువారే ముందుగా అమర్చి పంపవలెనని కేంద్ర టెలికాం శాఖ నవంబరు 28వ తేదీన ఉత్తరువు చేసినది. తొంబది దినముల గడువు. కొన్నవాడు ఫోను తెరచినంతనే అది కంటబడవలెను. దాని పనిని నిలుపరాదు, తగ్గింపరాదు. దీనిపై దేశమున గొప్ప కలకలము పుట్టినది. అక్కరలేనివారు దానిని తొలగించుకొనవచ్చునని మంత్రి చెప్పిరి. డిసెంబరు 3వ తేదీన నిర్బంధమునే ప్రభుత్వము ఉపసంహరించుకొన్నది.

ఆ దినములలో మేము విన్న వాదములు రెండు. ఆ యాప్ వలన పోయిన ఫోనును పనిచేయకుండ ఆపించవచ్చును. మన పేరిట ఇతరులు ఎన్ని కనెక్షనులు తీసికొనిరో తెలిసికొనవచ్చును. మోసపు పిలుపులపై ఫిర్యాదు చేయవచ్చును. ఇంత మేలు చేయుదానిని కాదనుట ఏమి వివేకమని ఒక వర్గము. అది మేలు పేరిట వచ్చిన గూఢచారి యని రెండవ వర్గము. మా మనవి యేమనగా, ఇరువురును అసలు ప్రశ్నను దాటిపోయిరి. వచ్చినవాడు వైద్యుడా దొంగయా యనునది తరువాతి మాట. వైద్యుడైనను తలుపు తట్టవలసినదే. ఇల్లు మనకు అమ్మునప్పుడే పడకటింట వైద్యుని కూర్చుండబెట్టి, ‘ఈయన మంచివాడు, వలదన్నచో పంపివేయుడు’ అని చెప్పుట మర్యాద కాదు. ఉపసంహరణ జరిగినది గనుక చర్చ ముగిసినదని యనేకులు తలచిరి. ముగిసినది ఒక ఉత్తరువు మాత్రమే. ప్రశ్న అట్లే యున్నది.

ఈ ప్రశ్న మన తెలుగువారికి క్రొత్తది కాదు. ఉత్తర ప్రదేశమున ఖరక్ సింగ్ అను వ్యక్తిని ఒక దోపిడి కేసులో పట్టుకొని, సాక్ష్యము లేక విడిచిపెట్టిరి. అయినను పోలీసులు అతని పేరిట ఒక దస్త్రము తెరచి, రాత్రివేళ వచ్చి తలుపు తట్టి, కేకలు వేసి నిద్ర లేపుచుండిరి. అతడు సుప్రీంకోర్టునకు పోయెను. 1962 డిసెంబరు 18వ తేదీన ఆరుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. అధికసంఖ్యాకులు ఆ రాత్రి రాకలు చెల్లవనిరి గాని, తక్కిన నిఘాను నిలిపి, ఏకాంతమునకు రాజ్యాంగమున హామీ లేదనిరి. విభేదించినవారు ఇరువురు: జస్టిస్ షా, రాజమహేంద్రవరమున జన్మించిన మన జస్టిస్ కోకా సుబ్బారావు. సుబ్బారావుగారి వాదము గుమాస్తాకు కూడ అర్థమగునది. కాళ్లకు సంకెల లేనంత మాత్రమున మనిషి స్వేచ్ఛగా తిరుగుచున్నట్లు కాదు. వెనుక ఒక కన్ను వెంటాడుచున్నదని తెలిసినవాడు అడుగడుగునకు తన్ను తానే అదుపు చేసికొనును. అట్టివానికి దేశమంతయు చెరసాలయే. కావున ఏకాంతము వ్యక్తిస్వాతంత్ర్యములో ఒక భాగమని ఆయన నిర్ణయించెను. ఆ మాట ఓటమి పొందిన మాటగా లా రిపోర్టులలో అర్ధ శతాబ్దికి పైగా పడియుండెను.

దానిని మరల న్యాయస్థానమున నిలబెట్టినది మన బెంగళూరువారే. కర్ణాటక హైకోర్టున న్యాయమూర్తిగా పనిచేసి విశ్రాంతి పొందిన జస్టిస్ కె. ఎస్. పుట్టస్వామిగారు 2012లో, తమ 86వ యేట, ఆధార్ విషయమై సుప్రీంకోర్టున దావా వేసిరి. ఏకాంతము హక్కేనా యని 2015లో పెద్ద ధర్మాసనమునకు నివేదించిన ముగ్గురిలో అగ్రాసీనుడు కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగ ఏకాంతము ప్రాథమిక హక్కే యని తీర్పు చెప్పిరి. అందు చలమేశ్వర్‌గారును ఒకరు. సుబ్బారావుగారి మాట యాబదియైదు వత్సరముల తరువాత గెలిచినది. పుట్టస్వామిగారు 2024 అక్టోబరున, 98వ యేట, ఈ నగరముననే కీర్తిశేషులైరి.

ఈ తీర్పును మేము శిరసావహించెదము. అయినను విమర్శ వ్రాయ బూనినవాడు ప్రశంసతో ఆగరాదు. ఐదువందల పుటలకు మించిన ఆ గ్రంథము ముఖ్యముగ ప్రభుత్వమును గడప దగ్గర ఆపుచున్నది. చట్టముండవలెను, ఆవశ్యకత యుండవలెను, మితి యుండవలెనని మూడు కట్టుబాట్లు విధించినది. వర్తకుని గురించి హెచ్చరించినది గాని, అతనికి కావలసిన కట్టుబాటును చట్టసభకు విడిచినది. చట్టసభ ఆరేండ్లకు, 2023 ఆగస్టున, డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టమును చేసినది. దాని నియమములు 2025 నవంబరున వెలువడినవి. ఈ చట్టమున రెండు లోపములు మాకు తోచుచున్నవి. మొదటిది, ప్రభుత్వము తాను ఎంచి ప్రకటించిన తన సంస్థలను రాజ్యభద్రతాదుల పేరిట ఈ చట్టము నుండి మినహాయించుకొనవచ్చును. పంక్తిలో వడ్డించువాడు తన విస్తరికి వేరు గరిటె పెట్టుకొన్నట్లున్నది. రెండవది, చట్టము చాలవరకు ‘సమ్మతి’ యను ఒక్క మాటపై నిలిచినది. ఆ సమ్మతి మన ఇండ్లలో ఎట్లు జరుగుచున్నదో చెప్పుటకు స్వవిషయ మొకటి విన్నవింపక తప్పదు.

మా అక్కయ్య మల్లేశ్వరమున నివసించుచున్నది. వయస్సు డెబ్బది దాటినది. తెలుగు చక్కగ చదువును, కన్నడము మాటలాడును, ఇంగ్లీషు రాదు. విదేశమున నున్న మనుమరాలి ముఖము చూచుటకు ఆమెకొక సెల్‌ఫోను కావలసి వచ్చినది. మేమే అంగడికి పోయి కొంటిమి, మేమే తెరచి సిద్ధము చేసితిమి. అడుగడుగునకు ఇంగ్లీషున ఏదో పత్రము వచ్చుచుండెను; క్రింద ‘సమ్మతము’ అని అర్థమిచ్చు గుర్తు. మేము నొక్కుచు పోతిమి. ఆమె ప్రక్కన కూర్చుండి చూచుచుండెను. అంతయు ముగిసిన పిమ్మట అడిగినది:

“ఏరా, ఏడెనిమిదిసార్లు ఏదో నొక్కితివే, అదేమిటి?”

“ఒప్పుకొంటున్నట్టు నొక్కేవి, అక్కయ్యా.”

“ఎవరు ఒప్పుకొన్నట్టు?”

మాకు నోట మాట రాలేదు. ఉద్యోగకాలమున మేము ఒకరి సంతకము ఒకరి తరఫున చేసినవారము కాము. చదువని కాగితముపై చిన్న సంతకమైనను పెట్టినవారము కాము. అట్టి మేము సొంత అక్కగారి పేరిట ఏడెనిమిది పత్రములు చదువక ఒప్పుకొంటిమి. తరువాత పరిశీలించి చూడగా, ఆ ఫోనులో మేము కోరని యాప్‌లు ఇరువదికి మించి యుండెను. కొన్నింటిని ఆపవచ్చును గాని తొలగించుటకు వీలు లేదు. దీపము వెలిగించుటకు మేము తెచ్చి పెట్టిన చిన్న యాప్ ఆమె బంధువుల ఫోను నంబరు లన్నియు చూచుటకు అనుమతి పొందియుండెను. దీపమునకు బంధువులతో పనియేమి? అనుమతి ఇచ్చినది ఎవరు? మేమే.

ఇచ్చట ఒక పాత సంగతి జ్ఞాపకము వచ్చుచున్నది. స్వతంత్ర భారతము 1948లో మన నగరపు తూర్పు అంచున ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్‌ను నెలకొల్పినది; దూరవాణినగరమను పేరే దాని వలన వచ్చినది. అచ్చట తయారైన నల్లని టెలిఫోను, వ్రేలితో చక్రము త్రిప్పునది, కొందరి ఇండ్లలో నుండెను. ఆ యంత్రము గృహస్థునిది కాదు. టెలిఫోను శాఖ సొత్తు. అయినను రిసీవరును దానిపై నుంచినంతనే సంభాషణ ముగిసెడిది. రేడియోకు 1980ల వరకు లైసెన్సు రుసుము కట్టవలసి యుండెను. అయినను రేడియో మన మాట వినెడిది కాదు, మనమే దాని మాట వినుచుంటిమి. ఆ యంత్రములు పరులవైనను, రుసుములకు లోబడినను, ఇంట మన అదుపున నుండెను. ఈ యంత్రము మన ధనముతో కొన్నది, రసీదు మన పేరిట నున్నది, అదుపు పరులది. సొత్తును, అధికారమును విడదీసి, మొదటిదానిని మనకు అమ్మి రెండవదానిని తమ వద్ద నుంచుకొనుట నేటి వర్తకపు రహస్యము. ప్రభుత్వము 2025లో చేయబోయినది, వర్తకులు అంతకు ముందు నుండియు చేయుచున్న పనినే. మనము ప్రభుత్వముపై కేకలు వేసితిమి. వర్తకునకు మ్రొక్కి వెల చెల్లించితిమి. ఈ రెండు నీతులు ఒక ఇంట ఇమడవు.

యంత్రమునకు ఇది సహజధర్మమని కొందరు యువకులు మాతో వాదించిరి. కాదనుటకు మన నగరముననే సాక్ష్యము కలదు. ఈ శతాబ్దారంభమున భారతీయ విజ్ఞాన సంస్థ పండితులును, ఎన్కోర్ అను ఇచ్చటి సాఫ్ట్‌వేరు సంస్థవారును కలిసి, సామాన్యుల కొరకు ‘సింప్యూటర్’ అను చేతి యంత్రమును రూపొందించిరి. 2004లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో తయారై అది అంగడికి వచ్చెను. ఒక గ్రామమున పలువురు ఒకే యంత్రమును వాడుకొనవచ్చును. ఎవరి వివరములు వారి చిన్న కార్డులో నుండును. పని ముగియగనే కార్డు తీసికొని ఇంటికి పోవచ్చును. యంత్రము ఎట్లు కట్టబడినదో తెలుపు రచనను కూడ లోకమునకు వెల్లడించిరి. అది ఆశించినంతగా అమ్ముడుపోలేదు. అది వేరు సంగతి. గడియను లోపలివైపున బిగించుట శాస్త్రమునకు అసాధ్యము కాదని అది ఋజువు చేసినది. అసాధ్యమైనది శాస్త్రమునకు కాదు, లాభాపేక్షకు.

‘మా వద్ద దాచవలసినది యేమున్నది?’ యని మరికొందరు అందురు. వారి ఇంటికిని తలుపున్నది గదా! మనము పండుగ కబురులు కార్డుపై వ్రాసితిమి. పిల్ల పెండ్లి మాటలను, రోగపు సంగతులను, అప్పుల బాధలను కవరులో పెట్టి అంటించితిమి. అవి నేరములని అంటించలేదు. మనవి గనుక అంటించితిమి.

ఇక చేయవలసినది యేమి? క్రొత్త చట్టమున మనవంటివారికి ఉపయోగించు మాట ఒకటి కలదు. సమ్మతి కోరు ప్రకటనను ఇంగ్లీషుననే గాక, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనను చదువుకొను సదుపాయమును కల్పింపవలెనని అది విధించుచున్నది. ఆ షెడ్యూలులో తెలుగు కలదు. ఈ విధి అమలునకు వచ్చుటకు నియమములు వెలువడిన నాటి నుండి పదునెనిమిది నెలల గడువు పెట్టిరి. గడువు తీరిన పిమ్మట బెంగళూరు తెలుగువారు తమ ఇంట కూర్చుండియే తెలుగు పత్రమును అడుగవచ్చును. కాని ఇచ్చట మమ్ము మేమే విమర్శించుకొనవలసి యున్నది. తరతరములుగా ఈ నగరమున స్థిరపడిన మన కుటుంబములలో తెలుగు మాటలాడు పిల్లలు కలరు. చదువగల పిల్లలు తగ్గుచున్నారు. హక్కు తెలుగులో వచ్చి గుమ్మమున నిలిచినప్పుడు దానిని చదువువారు లేనిచో ఎవరిని నిందింతుము? అక్షరాభ్యాసము ఇంతవరకు సంస్కృతికి సంబంధించినదని చెప్పుచుంటిమి. ఇక మీదట అది ఆస్తిరక్షణకు కూడ సంబంధించినదే.

మా తప్పును దిద్దుకొనుటకు మేము ఒక మధ్యాహ్నము మరల అక్కయ్య ఇంటికి పోతిమి. ఒక్కొక్క అనుమతిని తెలుగున చదివి వినిపించి, అర్థము చెప్పి, ఆమె నిర్ణయము ననుసరించి మాత్రమే నొక్కితిమి. మూడు గంటలు పట్టినది. దీపపు యాప్ పోయినది. మనుమరాలితో మాటలాడు యాప్‌నకు మాత్రము కెమెరా అనుమతి నిలిచినది. చివరకు, దేశమంతయు కలకలము రేపిన ఆ ప్రభుత్వపు యాప్ సంగతి కూడ మంచి చెడ్డలతో చెప్పితిమి. అక్కయ్య కొంతసేపు ఆలోచించి, “ఫోను పోతే పనికి వచ్చేదే కదరా, అది పెట్టు” అన్నది.

పెట్టితిమి. ఆమె అడిగినది, మేము పెట్టితిమి.

ఉత్తరువు చేయదలచినదియు, అక్కయ్య చేసినదియు చూచుటకు ఒక్కటే. ఫోనులో ఆ యాప్ ఉన్నది. కాని ఈసారి తలుపు తెరచినది ఇంటి యజమానురాలు.